ఆక్టోపస్‌ని విసరడం ఏం ఆచారం?

ఫ్రెండ్స్, ఆక్టోపస్‌ని మనం పుస్తకంలో బొమ్మగానే చూశాం. దానికి ఎనిమిది చేతులు, మూడు గుండెలు, నీలం రక్తం. ఎముక ఒక్కటీ ఉండదు.

అమెరికాలో డెట్రాయిట్ అనే ఊళ్లో మంచు మీద హాకీ ఆడతారు. అక్కడి టీము రెడ్ వింగ్స్. 1952లో కప్పు రావాలంటే 8 ఆటలు గెలవాలి. ఎనిమిది చేతులున్నాయి కదా అని పీట్, జెర్రీ అనే చేపల కొట్టు అన్నదమ్ములు చచ్చిన ఆక్టోపస్‌ని మంచు మీదికి విసిరారు. టీము వరసగా ఎనిమిదీ గెలిచింది. ఇంకేం, ఆచారమైపోయింది. ఇప్పుడు కప్పుకి 16 గెలవాలి. లెక్క మారినా విసరడం మానలేదు!

తింటే తప్పని నేను అనను. జపాన్ వాళ్లు, స్పెయిన్ వాళ్లు ఇష్టంగా తింటారు. మేమూ వాగులో ఎండ్రకాయలు పట్టుకుని తింటాం. పులుసులో ముక్క వదిలేస్తే మా అవ్వ ఊరుకోదు, చంపినాక తినాలి అంటుంది. మంచు మీద పడేసింది ఎవరి కడుపు నింపింది? మన కోడిపందేల సంగతేంటి అని అన్నలు అడుగుతారు. అదీ నాకు నచ్చదు. కాకపోతే ఓడిన కోడిని కూరైనా వండుతారు.

కొందరు ఇంట్లో పెంచుకుంటారు కూడా. అది సీసా మూత తిప్పి తీసేంత తెలివైంది. చాలా రకాలు ఒకటి రెండేళ్లే బతుకుతాయి. ఆ కాస్త కాలం అద్దాల తొట్టిలోనే ఉండాలా? న్యూజిలాండ్‌లో ఇంకీ అనే ఆక్టోపస్ 2016లో తొట్టి మూత సందులోంచి బయటికొచ్చి, నేల మీద పాకి, నీళ్లు పోయే గొట్టంలో దూరి సముద్రంలోకి పోయింది. నాకైతే భలే సంతోషమేసింది. వార్డెన్ మేడమ్, ఇది మన గేటు గురించి కాదండి!

— తొమ్మిదో తరగతి అమ్మాయి