లెక్చరరు అయ్యాక అడిగేవారేరి?

మన ఇళ్లలో ఒక బిడ్డ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరితే ఆ రోజు పండుగే. ప్రొద్దుటూరులో బంధువులకు మిఠాయి పంచుతారు. జమ్మలమడుగులో, పులివెందులలో మసీదు మెట్ల దగ్గర పెద్దలు ఆ తండ్రిని ఆపి ముబారక్ చెబుతారు. అక్కడితో సరి. సర్కారు నౌకరీ దొరికింది, ఇక చింత లేదనుకుంటాం. పదిహేనేళ్లు గడిచాక తోటివారు ప్రొఫెసర్లయి, మనవాడు ఇంకా మొదటి మెట్ల దగ్గరే ఉన్నాడని తెలిసినప్పుడు "మనవాడు కాబట్టే ఇవ్వలేదు" అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. వివక్ష ఎక్కడా లేదని మేము అనము. కానీ మేము చూసినంతలో చాలామంది విషయంలో ఎవరో ఫైలును తొక్కిపట్టే దాకా పోలేదు. అసలు ఫైలే తయారు కాలేదు.

ఈ సంగతి మాకు ఒక ఈద్ మర్నాడు బోధపడింది. చిన్నప్పుడు మా దగ్గర అలిఫ్, బే దిద్దిన ముగ్గురు మమ్మల్ని చూడటానికి వచ్చారు. ప్రొద్దుటూరు అమ్మాయి ఒకరు, జమ్మలమడుగు అబ్బాయి ఒకరు, పులివెందుల అబ్బాయి ఒకరు. ముగ్గురూ వేర్వేరు జిల్లాల్లో వేర్వేరు విద్యాసంస్థల్లో పాఠాలు చెబుతున్నారు. షీర్‌ఖుర్మా గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నాక ఆ అమ్మాయి "మౌల్వీ సాబ్, ప్రసవం సెలవు పెట్టినందుకు నా ప్రమోషన్‌లో ఒక సంవత్సరం పోయినట్టేనట" అంది. ఎవరు చెప్పారమ్మా అని అడిగాము. ఆఫీసులో ఎవరో అన్నారట. కాగితం మీద ఎక్కడ ఉందని అడిగితే ఆమె మిగిలిన ఇద్దరి వైపు చూసింది. వారు మా వైపు చూశారు.

మేము మదరసాలో చదువుకున్నవాళ్లం. యూజీసీ భాష మాకు రాదు. అయినా పదవీ విరమణ చేసిన ఒక ప్రొఫెసరు మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, 2018 జులైలో యూజీసీ గెజెట్‌లో ప్రకటించిన నిబంధనలను పేజీ పేజీ చదివించుకున్నాము. ఆమె అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు, చదువు సెలవు, వైద్య సెలవు వంటివి వాడుకున్న కాలాన్ని మదింపులోంచి తీసేసి, మిగిలిన కాలంలో చేసిన పనినే మొత్తం కాలానికి లెక్కగట్టాలి. అలా సెలవులో ఉన్నందువల్ల ప్రమోషన్‌లో ఆ టీచరుకు ఏ నష్టమూ కలగరాదని స్పష్టంగా రాసి ఉంది. ఆఫీసులో ఎవరో నోటికొచ్చినట్టు అన్న ఒక్క మాటను నమ్మి ఆమె దరఖాస్తే పెట్టకుండా కూర్చుంది.

ఇంతకూ మెట్లు ఎన్ని? విశ్వవిద్యాలయంలో చేరేది పదో అకడమిక్ లెవెల్‌లో. పీహెచ్‌డీ ఉన్నవారు 4 ఏళ్లకు, ఎంఫిల్ ఉన్నవారు 5 ఏళ్లకు, రెండూ లేనివారు 6 ఏళ్లకు పదకొండో లెవెల్‌కు అర్హులవుతారు. తర్వాత 5 ఏళ్లకు పన్నెండు. ఆపైన 3 ఏళ్లకు 13-ఎ, అంటే అసోసియేట్ ప్రొఫెసరు. ఇంకో 3 ఏళ్లకు పద్నాలుగు, అంటే ప్రొఫెసరు. పీహెచ్‌డీతో చేరినవారికి మొత్తం 15 ఏళ్ల దారి. ఇంజినీరింగ్ వారికి ఏఐసీటీఈ 2019లో వేరుగా నిబంధనలు ఇచ్చింది. ఏ విశ్వవిద్యాలయం వీటిని ఏ తేదీ నుంచి అమలులోకి తెచ్చుకుందో అక్కడి ఉత్తర్వులో చూసుకోవాలి.

ఈ మెట్లు వాటంతట అవి ఎక్కించవు. గడువు రావడానికి 3 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు పూర్తికాగానే దరఖాస్తు పెట్టి మొదటిసారే నెగ్గినవారికి ప్రమోషన్ అర్హత వచ్చిన తేదీ నుంచే లెక్క. మొదటిసారి తప్పి రెండోసారి నెగ్గితే, నెగ్గిన నాటి నుంచే లెక్క. మధ్యలో పోయిన కాలం పోయినట్టే. దాని వెనకే పై మెట్లన్నీ జరిగిపోతాయి. ఒక చిన్న సర్టిఫికెట్ లేక మొదటిసారి వెనక్కి వచ్చిన ఫైలు ఖరీదు ఇంత.

అసలు మొదటి కాగితం ఇంకా ముందే ఉంటుంది. చేరినప్పుడు ప్రొబేషన్ ఒక ఏడాది, పని తృప్తిగా లేకపోతే మరొక ఏడాది. అది ముగిసిన 45 రోజుల్లోగా ఖాయపరుస్తూ ఉత్తర్వు ఇవ్వవలసిన బాధ్యత సంస్థదేనని నిబంధన చెబుతోంది. పులివెందుల అబ్బాయికి ఆ ఉత్తర్వు రాలేదు. అతను అడగనూ లేదు. "అడిగితే తప్పుగా అనుకుంటారేమో సాబ్" అన్నాడు. మర్యాద మన పిల్లలకు మనమే నేర్పాము. తన హక్కు కాగితాన్ని అడగడం అమర్యాద కాదని కూడా నేర్పి ఉండవలసింది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకొమ్మని చెప్పే ఆయతే ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అని మేమే తరగతిలో ఎన్నోసార్లు చెప్పాము. అప్పుకే అంత జాగ్రత్త కావాలంటే జీవితకాలపు నౌకరీకి ఎంత కావాలి?

ఈ విషయంలో మేమూ దోషులమే. మా సనద్‌లో ఒక పుట్టిన తేదీ, స్కూలు సర్టిఫికెట్లో ఇంకొక తేదీ. అది సరిచేయించుకోవాలన్న తెలివి మాకు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఒక ఆఫీసులో మా ఇంక్రిమెంటు నాలుగేళ్లు ఆగింది. మా ఉస్తాద్ ఇచ్చిన సనద్ మీద వారి ఉస్తాద్ పేరు, ఆయన ఉస్తాద్ పేరు వరుసగా ఉంటాయి. అంత వివరమైన కాగితం చేతిలో పెట్టుకుని, పక్క కాగితంలో తేదీ చూసుకోలేదు.

పేర్ల సంగతి మన వాళ్లకు ప్రత్యేకమైన తంటా. ఒకచోట షేక్ ముందు వస్తుంది, ఒకచోట వెనక. ఒక పేపరులో ఎస్., మరో పేపరులో ఎస్‌కె. బాషా, బాష, పాషా. పులివెందుల అబ్బాయి ఆరు పరిశోధన పత్రాలు నాలుగు రకాల పేర్లతో అచ్చయ్యాయి. కమిటీలో కూర్చున్నవారు ఇవన్నీ ఒకరివేనని ఎలా నమ్మాలి? 2012 నుంచి ఆర్కిడ్ అనే ఏర్పాటు ఒకటి నడుస్తోంది. పరిశోధకుడికి ఉచితంగా 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తుంది, పేరు ఎలా రాసినా ఆ సంఖ్య మారదు. మొదటి పేపరు పంపకముందే అది తీసుకోవాలి, ఒకే అక్షర క్రమానికి కట్టుబడాలి. పీహెచ్‌డీ గైడు ఈ మాట ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు.

ఆ ఆరింటిలో రెండు డబ్బు కట్టి వేయించుకున్నవి. వారం రోజుల్లో అచ్చు, సర్టిఫికెట్ కూడా. ప్రొద్దుటూరు బంగారం బజారులో గీటురాయి మీద గీయకుండా ఎవరూ నగ కొనరు కదా, పేపరు విషయంలో ఈ అజాగ్రత్త ఏమిటి నాయనా అని మందలించాము. యూజీసీ 2018 మే నెలలో తన ఆమోదిత జాబితా నుంచి ఒక్కసారిగా 4,305 పత్రికలను తీసివేసింది. ఆ తర్వాత పెట్టిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో రద్దు చేసి, పత్రిక మంచిచెడ్డలు చూసుకునే భారాన్ని సంస్థల మీదా, అధ్యాపకుల మీదా పెట్టింది. జాబితాలో ఉందన్న ధీమా ఇక లేదు. అసోసియేట్ ప్రొఫెసరు కావడానికి ఏడు పత్రాలు, ప్రొఫెసరుకు పది పత్రాలు, ఆపైన 110 పరిశోధన మార్కులు కావాలని 2018 నిబంధన. మనిషి విద్వత్తును ఇలా మార్కుల్లో తూచడం మాకు నచ్చదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో ఈ మార్కుల పద్ధతిని వదిలి తొమ్మిది రంగాల్లో చేసిన కృషిని చూడాలని ప్రతిపాదించారు. మార్కులు ఉన్నా పోయినా, చేసిన పనికి రుజువు చూపవలసిందే కదా.

ఈ మార్కుల్లో మన రెండు భాషల వారికి పనికొచ్చేది ఒకటుంది, చాలామందికి తెలియదు. అర్హులైన అధ్యాపకులు భారతీయ, విదేశీ భాషల్లో చేసిన అనువాదాలకు కూడా మార్కులున్నాయి. ఒక పుస్తకానికి 8, ఒక అధ్యాయానికి లేదా పత్రానికి 3. ఉర్దూ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఉర్దూకు తేవలసినవి ఎన్ని మిగిలాయో మన అధ్యాపకులకు మేము చెప్పాలా?

ఇక జమ్మలమడుగు అబ్బాయి. ముగ్గురిలో తక్కువ మాట్లాడింది అతనే. తొమ్మిదేళ్లుగా అకడమిక్ కన్సల్టెంటు. రెగ్యులరు వారితో సమానంగా క్లాసులు, పరీక్ష పేపర్లు, అడ్మిషన్ల పని. రేపు రెగ్యులరు అయితే ఈ తొమ్మిదేళ్లూ సర్వీసులో కలుస్తాయన్న ఆశతో ఉన్నాడు. నిబంధన చదివి వినిపించడానికి మాకు నోరు రాలేదు. కాంట్రాక్టు సర్వీసును లెక్కలోకి తీసుకోవచ్చు. అయితే కావలసిన అర్హతలు అప్పుడే ఉండాలి, సరైన సెలెక్షన్ కమిటీ ద్వారా నియామకం జరిగి ఉండాలి, రెగ్యులరు అసిస్టెంట్ ప్రొఫెసరు నెల జీతానికి తక్కువ కాకుండా అందుకుని ఉండాలి. మొదటి రెండూ అతనికి ఉన్నాయి. మూడోది అతని చేతిలో లేదు. తక్కువ జీతానికి పని చేయించుకున్నారు, ఆ తక్కువ జీతమే రేపు అతని తొమ్మిదేళ్లను కొట్టివేస్తుంది. ఇక్కడ ఫైలు సర్దుకోలేదని ఆ అబ్బాయిని అనడానికి లేదు. ఇది ప్రభుత్వం మార్చవలసిన నియమం. కడప జిల్లా ప్రజాప్రతినిధులను మన పెద్దలు కలిసినప్పుడు శ్మశానం గోడతో పాటు ఈ మాటా చెవిన వేయాలి.

మిగిలిన ఇద్దరిదీ మన చేతిలో ఉన్న పని. అమెరికాలో చదివి అక్కడే అధ్యాపకులైన మన జిల్లా పిల్లలు టెన్యూర్ గురించి చెబుతుంటారు. అక్కడి ప్రొఫెసర్ల సంఘం 1940 ప్రకటన ప్రకారం పరీక్షాకాలం ఏడేళ్లు మించరాదు, ఆ లోగా ఉద్యోగం ఖాయం కావాలి, లేదా వెళ్లిపోవాలి. అంత కఠినం కాబట్టే అక్కడ ఎన్నో విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరినవారికి ఒక సీనియరును తోడు పెడతారు. ఇక్కడ అంత కఠినం లేదు, అలాంటి తోడూ లేదు. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ వల్ల మనలో కొందరు గడప దాటారు. గడప లోపల ఏ కాగితం ఎప్పుడు కావాలో చెప్పేవారు ఇంట్లో లేరు. తండ్రి బట్టల కొట్టులోనో, ఆటో మీదనో, మగ్గం మీదనో బతికినవాడు. అతనికి ఇది తెలియకపోవడంలో తప్పేముంది?

తెలిసినవారు వేరే ఉన్నారు. ఈ మూడు ఊళ్ల నుంచి వెళ్లి ప్రొఫెసర్లయి రిటైరైనవారు పండుగలకు వస్తుంటారు, సభల్లో శాలువాలు కప్పించుకుంటారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు కూర్చుని నలుగురు పిల్లల ఫైళ్లు చూడమని వారిని మేము కోరుతున్నాము. ఇండక్షన్ కోర్సు, రిఫ్రెషర్ కోర్సు పూర్తయ్యాయా? ఏటా స్వీయ మదింపు పత్రం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకున్నారా? ఈ రెండు ప్రశ్నలే చాలామందికి రెండేళ్లు మిగులుస్తాయి. కోర్సులు మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాల్లో జరుగుతాయి. అన్నీ సరిగ్గా ఉండి కూడా కమిటీ వేయకుండా నానబెడితే రాతపూర్వకంగా అడగాలి, అప్పటికీ పలకకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

ప్రొద్దుటూరు అమ్మాయి ఆ మరుసటి నెల తన కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని వచ్చింది. మా ప్రొఫెసరు మిత్రుడు వరండాలో చాప పరిచి సంవత్సరాల వారీగా పేర్చారు. రెండు కాగితాలు తక్కువ పడ్డాయి. వాటిలో ఒకటి రిఫ్రెషర్ కోర్సు సర్టిఫికెట్, అమ్మగారింట్లో బీరువాలో ఉందట. రెండోదాని కోసం ఆఫీసుకు ఆమె చేతనే, మా ఎదుటే, ఉత్తరం రాయించాము.