శ్మశానం నుండి తెచ్చుకోదగినది ఏది?

వైరాగ్యం మూడు విధాలని పెద్దలు కొంత హాస్యగర్భితంగా చెబుతూ వచ్చారు: పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. మూడింటికీ ఆయుర్దాయం స్వల్పమే. పురాణం ముగిసి ఉత్తరీయం దులుపుకునేసరికి మొదటిది, బిడ్డ ముఖం చూసేసరికి రెండవది, చితి వద్ద నుండి మరలి వచ్చి స్నానం చేసి ఇంటి దీపం చూసేసరికి మూడవది కరిగిపోతాయి. అలా కరిగిపోయే శ్మశాన వైరాగ్యాన్ని ఎలాగైనా నిలుపుకోవాలన్న ఆకాంక్ష మానవునికి సహజం. ఆ ఆకాంక్ష లోకంలో ఒక విచిత్ర రూపం ధరించింది. ప్రాచీన సమాధులను వెదకుతూ తిరగడం ఒకటి. అపరిచిత మృతుల స్మారక వస్తువులను పాత సామాన్ల అంగళ్లలో కొని ఇంట అలంకరించుకోవడం రెండవది. మొదటిది సాధనకు ద్వారం కాగలదు. రెండవది ఆ ద్వారాన్నే మూసివేయగలదు.

ఈ అభిరుచి ప్రధానంగా పాశ్చాత్య దేశాలది. 19వ శతాబ్దిలో అక్కడ మృత్యుశోకం చుట్టూ ఒక వస్తుప్రపంచమే ఏర్పడింది. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించిన నాటి నుండి 1901లో తాను కన్నుమూసే వరకు విక్టోరియా రాణి శోకవస్త్రాలను వీడలేదు. ప్రజల ఆచారానికి ఆమె ఆదర్శమైంది. మృతుల కేశాలను అల్లి పొదిగిన ఉంగరాలు, పతకాలు, విట్బీ తీరంలో లభించే నల్లని జెట్‌తో చెక్కిన ఆభరణాలు, నల్లంచు స్మారక పత్రాలు, ఫ్రాన్సులో సమాధులపై ఉంచే గాజుపూసల మాలలు ఆ ప్రపంచానివే. అమెరికాలో శవపేటికకు అమర్చిన లోహపు నామఫలకాన్ని ఖననానికి పూర్వం విప్పి కుటుంబీకులు భద్రపరచుకునే వాడుక ఉండేది. తరాలు గడిచాయి. ఇళ్లు చేతులు మారాయి. ఎవరి పేరో తెలియని ఫలకాలు అంగళ్లకు చేరాయి. నేడు వాటికి వెల ఉంది, వేలం ఉంది, వాటినే వెదకే సంగ్రాహకులూ ఉన్నారు.

ఈ ఆకర్షణను మనోవికారమని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. 1804లో ప్యారిస్ నగరంలో పేర్ లాషేజ్, 1831లో బోస్టన్ సమీపాన మౌంట్ ఆబర్న్, 1839లో లండన్‌లో హైగేట్ సమాధివనాలు వెలసినప్పుడు వాటిని వృక్షచ్ఛాయలతో, వంపు తిరిగిన బాటలతో ఉద్యానాలవలె తీర్చిదిద్దారు. అక్కడ నడిచేవాని మనస్సు తనంతట తానే మందగిస్తుంది. శిలపై ఒక నామం, రెండు సంవత్సరాలు. ఆ రెండింటి మధ్య జరిగినదంతా మౌనం. ఆ నామాన్ని సైతం నాచు మెల్లగా కబళిస్తూ ఉంటుంది. అనుదినం ప్రాణులు యమసదనానికి పోతూ ఉంటే మిగిలినవారు తాము శాశ్వతమనుకోవడమే పరమాశ్చర్యమని యక్షునికి ధర్మరాజు ఇచ్చిన ప్రత్యుత్తరం ఆ బాటలో నడిచేవానికి వ్యాఖ్యానం లేకుండానే బోధపడుతుంది. కైలాసం ఉండగా శ్మశానాన్ని నివాసంగా స్వీకరించిన పరమేశ్వరుని ఆరాధించేవారు ఈ ఆకర్షణను నిందించలేరు.

అయితే స్మరణ విషయంలో సనాతన ధర్మం ఎంచుకున్న మార్గం వేరు. గృహస్థుని దేహం అగ్నికి ఆహుతి అవుతుంది. అస్థిసంచయనం తరువాత శేషం గోదావరికో కృష్ణకో గంగకో సమర్పితమవుతుంది. చేతిలో ఏమీ మిగలదు. మిగిలేది కర్మ: తిథినాడు శ్రాద్ధం, గోత్రనామోచ్చారణ, తిలోదకం. పిత, పితామహ, ప్రపితామహులను వసు, రుద్ర, ఆదిత్య స్వరూపులుగా భావించి తర్పణం విడుస్తారు. కొత్త తరం చేరగానే ఆ పైవారి నామం ఆ మూడింటి వరుస నుండి తొలగుతుంది. దీనిని కృతఘ్నత అనరాదు. వ్యక్తి నామరూపాలను విడిచి సమష్టిలో లీనం కావడానికి శాస్త్రం ఇచ్చిన అనుమతి అది.

హిందువులు సమాధులనే ఎరుగరనడం మాత్రం సత్యదూరం. యతుల దేహాలను ఖననం చేసే సంప్రదాయం ప్రసిద్ధమే. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నిత్యపూజలు అందుకుంటున్నది. వీరశైవులకు ఖననమే ఆచారం. తెలుగు పల్లెల పొలిమేరల్లో వీరగల్లులు నేటికీ కనిపిస్తాయి. కాని వాటికి నమస్కరించే భక్తుడు ఆ శిలను పెకలించి ఇంటికి తీసుకుపోడు. స్థలం, అక్కడ విశ్రమించిన వ్యక్తి, వచ్చినవాని ప్రణామం, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడే అది స్మారకం. విడదీస్తే మిగిలేది సరుకు.

ఒక శిశువు నామఫలకాన్ని తీసుకుందాం. తల్లి దానిని దాచుకున్నప్పుడు అది శోకం. మనుమరాలు దాచుకున్నప్పుడు అది వంశస్మృతి. ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేని వ్యక్తి వెల చెల్లించి గోడకు తగిలించుకున్నప్పుడు అది ఏమవుతుంది? లోహం చేతికి వచ్చింది. ఆ లోహాన్ని పవిత్రం చేసిన కన్నీరు రాలేదు. ఇక్కడే సూక్ష్మమైన ప్రమాదం ఉంది. అనిత్యతను గుర్తు చేయవలసిన వస్తువు ‘నాది’ అయింది. దానికంటే అరుదైనది మరొకటి కావాలనిపించింది. వైరాగ్యం పేరుతో పరిగ్రహమే పెరిగింది.

సంగ్రాహకుల పక్షాన ఒక బలమైన వాదం ఉంది. వారు కొనకపోతే ఆ ఫలకం కరిగించబడుతుంది, ఆ పత్రం చెత్తలో కలుస్తుంది, ఒక పేరు లోకం నుండి పూర్తిగా చెరిగిపోతుంది. ఇది కొట్టివేయదగిన వాదం కాదు. కుటుంబమే విడిచిన వస్తువును శ్రద్ధతో కాపాడేవాడు దోషి కాడు. కాని అతడు తనను యజమానిగా కాక న్యాసధారిగా, అంటే పరుల సొత్తును నమ్మకంతో భద్రపరచేవానిగా భావించాలి. పరీక్ష సులభం. ఆ వంశంవారు ఎవరైనా వచ్చి తలుపు తడితే సంతోషంతో వారి చేతిలో పెట్టగలడా? పెట్టగలిగితే అది సంరక్షణ. చేయి వెనుకాడితే అది మమకారం. ఇక సమాధి నుండే ఊడదీసిన ప్రతిమలు, కంచు అలంకారాలు, మాలల విషయంలో ఈ విచారణ కూడా అనవసరం. అది చౌర్యమే. మూలం అడగకుండా కొనేవాడు అస్తేయవ్రతాన్ని భంగపరచినట్లే.

మరొక ప్రశ్న శైవుల నుండే రావచ్చు: పరమశివుడు కపాలమాల ధరించలేదా? ధరించాడు. అయితే ఆయన దిగంబరుడు, భిక్షాటనమూర్తి. ఇల్లే లేనివానికి అల్మరా ఎక్కడిది? ఆ మాల ప్రదర్శనకు పెట్టిన నిధి కాదు; కాలం తన కంఠాన్ని అలంకరించిందే తప్ప బంధించలేదని చెప్పే చిహ్నం. దానిని అనుకరించదలచినవాడు ముందుగా ఇంటిని, ఆ తరువాత ‘నేను’ను విడువవలసి ఉంటుంది.

ఈ ధర్మసంకటం భారతభూమికి పరాయిది కాదు. కలకత్తాలో 1767లో ఏర్పడిన సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధివనంలో సంస్కృత పండితుడు విలియం జోన్స్ విశ్రమించాడు. 1828లో మరణించిన ఛార్లెస్ స్టూవర్ట్ సమాధీ అక్కడే ఉంది. నిత్యం గంగాస్నానం చేసి ‘హిందూ స్టూవర్ట్’ అని పేరు పొందిన ఆ సైనికాధికారి సమాధిని దేవాలయాకృతిలో నిర్మించారు. ఆయన ప్రీతితో సేకరించిన దేవతామూర్తులలో అనేకం నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన భువనేశ్వర ఆలయాల నుండి తరలించిన శిలాశాసనాలను ఏషియాటిక్ సొసైటీ తరువాతి కాలంలో తిరిగి అక్కడికే పంపింది. ఆయన భక్తిని శంకించనక్కరలేదు. అయినా ఆలయానికి కలిగిన లోటును ఆ భక్తి పూడ్చలేకపోయింది. ప్రేమతో తీసుకున్నా తీసుకున్నది తీసుకున్నదే. దేవాలయ శిల విషయంలో ఏ వేదన హిందువుకు కలుగుతుందో, తన పూర్వికుని సమాధి నుండి ఒక చిహ్నం అంగడికి చేరితే అన్యమతస్థునికీ అదే కలుగుతుంది.

మృత్యుద్వారం వద్ద ఎలా నిలబడాలో కఠోపనిషత్తు నచికేతుని ద్వారా చూపింది. మూడు రాత్రులు నిరాహారంగా యముని గుమ్మంలో వేచి ఉన్న ఆ బాలునికి ఏనుగులు, అశ్వాలు, సువర్ణం, దీర్ఘాయువు అన్నీ ఇవ్వజూపారు. అవేవీ వద్దన్నాడు. వస్తువులు నీ వద్దనే ఉండనీ, మరణానంతరం ఏమున్నదో అది చెప్పమన్నాడు. శ్మశానం నుండి తెచ్చుకోదగినది ఆ ప్రశ్న ఒక్కటే. దానికి వెల లేదు, దాచడానికి స్థలం అక్కరలేదు.

మరి అపరిచిత మృతుల పట్ల కర్తవ్యం లేదా? ఉంది. తర్పణం చివర, బంధువులు లేనివారికి, సంతానం లేక గతించినవారికి జలం విడిచే విధి ఉన్నది. తన వంశం కానివారిని, నామమైనా తెలియనివారిని తలచి ఇచ్చే ఆ కొన్ని నీటిబొట్లలో సంగ్రాహకుడు వెదకే సంబంధం సంపూర్ణంగా ఉంది. మచిలీపట్నంలోనూ భీమునిపట్నంలోనూ, మన పూర్వులు ఒలందావారని పిలిచిన డచ్చివారి పాత సమాధులు నిలిచి ఉన్నాయి. సముద్రాలు దాటి వచ్చి ఈ మట్టిలో కలిసినవారికి ఇక్కడ తిథి పెట్టేవారు లేరు. సాధకుడు అక్కడికి వెళ్లవచ్చు. శిలపై చేయి వేయక, చెక్కిన అక్షరాలను ఓపికగా చదివి, ఆ జీవునికి శాంతి కోరి, రిక్తహస్తాలతో మరలి రావచ్చు. ఇంటికి చేరి స్నానం చేసి దీపం చూసిన తరువాత కూడా ఆ ప్రశ్న మిగిలి ఉంటే, అతని శ్మశాన వైరాగ్యం అల్పాయువు కాదు.

ఇతి శివమ్.