కూలిని నిర్ణయించునది ఎవరు?

గిరాకి, సరఫరాలే కూలిని నిర్ణయించుననియు, చట్టము జోక్యము కలిగించుకొన్నచో పనులే తగ్గుననియు ఆర్థికవేత్తలు కొందరు చెప్పుచుందురు. ఈ పండితులు ఒక్క వేసవి గోరంట్ల ప్రాంతమున గడిపిన బాగుండును! ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను అనంతపుర సీమలో కూలిని నిర్ణయించునది బేరము కాదు, మేఘము. వేరుసెనగను గిడ్డంగిలో దాచి ధర వచ్చినపుడు అమ్మవచ్చును. కూలివాడు నేడు అమ్ముడుపోని దినమును రేపు అమ్మజాలడు. వాన తప్పిన యేట ఊరివారందరును ఒక్కసారిగా పనికై వచ్చి నిలుతురు. ఎంత యిచ్చినను చాలుననువాని కూలియే అందరి కూలి యగును. కాదన్నవానికి బెంగుళూరు బండి తప్ప గతి లేదు.

ఈ అన్యాయమునకు ప్రభుత్వములే త్రోవ చూపినవి. 1877 కరవులో, నేటి అనంతపుర సీమ బళ్లారి జిల్లాలో నుండగా, సర్ రిచర్డ్ టెంపుల్ దొర కరవుపనులలో మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యపు వెలకును, ఒక అణాకును దించెను. ఆ తిండితో మనిషి పనిచేయజాలడని డాక్టరు కార్నిష్ పోరాడవలసివచ్చెను.

స్వరాజ్యము వచ్చిన పిదప 1948లో కనీస వేతన చట్టమును చేసికొంటిమి. అంతకు తక్కువ యిచ్చి పనిచేయించుకొనుట వెట్టియే యని 1983లో సుప్రీముకోర్టు రాజస్థాన కరవుపనుల వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అయినను చట్టమొక్కటియే పల్లెకూలిని పైకి లేపజాలకపోయెను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ ప్రారంభమైన పిమ్మటనే తక్కువ కూలిని వద్దనుటకు కూలివానికి ధైర్యము చిక్కెను. రైతులు గొణిగిరి. ఆ గొణుగుడు అబద్ధమని మేమనము. మెట్టరైతు తానును అప్పులలోని వాడే. కాని వాని నష్టమునకు విరుగుడు వేరుసెనగ ధరలో వెదకవలెను గాని కూలివాని గంజిలో కాదు. 2009లో కేంద్రము ఈ పనుల కూలిని కనీస వేతనమునుండి విడదీయగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసెను.

2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున 125 దినముల హామీతో కొత్త చట్టమును చేసెను. దినములు పెరిగినవని సంతసింపవచ్చును. అయితే విత్తు, కోత కాలములలో మొత్తము 60 దినములు పనులను నిలుపుటకు అందే వ్రాసిరి! కాలువల క్రింది సీమలకు ఈ లెక్క చెల్లునేమో. గోరంట్లలో పంచాంగము విత్తుకాలమనిన మాత్రమున ఆకాశము ఒప్పుకొనదు. వాన లేక, విత్తు లేక, సర్కారు పనియు లేక గట్టుపై నిలుచున్నవాని కూలి ఎంత పలుకును?

ప్రాంతమునుబట్టి వేర్వేరు తేదీలు ప్రకటించు అధికారమును ఆ చట్టమే రాష్ట్రములకు ఇచ్చినది. గోరంట్ల వంటి మండలములలో విత్తనము భూమిలో పడిన పిదపనే పనులు నిలుపవలెను; వాన రాని యేట నిలుపనే కూడదు. ఇది మేము రాష్ట్ర ప్రభుత్వమును అడుగుచున్నాము.