దక్కను గట్టిదన్న ధీమా

"మనది దక్కను పీఠభూమి, కింద అంతా గట్టి రాయి, భూకంపాలు హిమాలయాల దగ్గరి గొడవ." ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తుంది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. ఆ కదలిక హైదరాబాదు, విజయవాడల దాకా తెలిసింది. పెద్ద నష్టం జరగలేదు కనుక మన ధీమా ఇంకా ముదిరింది. కానీ గోదావరి లోయ పొడవునా భూమిలో పాత పగుళ్లున్నాయి. 1969లో భద్రాచలం ప్రాంతంలో వచ్చింది 5.7. అంతకు రెండేళ్ల ముందు ఒంగోలు వణికింది.

గట్టి రాతి మీద ఉన్న ఊరే కిల్లారి. లాతూరు జిల్లా, ఒకప్పటి నిజాం రాజ్యంలోని నేల. అప్పటి భూకంప పటంలో అది అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మొదటి జోన్. 1993 సెప్టెంబరు 30న, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా, వినాయక నిమజ్జనం చేసి పడుకున్న జనం మీద ఇళ్లు కూలాయి. తీవ్రత 6.2. దాదాపు పదివేలమంది పోయారు. వాళ్లను చంపినవి మట్టితో పేర్చిన రాతిగోడలు, వాటి మీద మందంగా మట్టి పోసిన మిద్దెలు. లింటెల్ ఎత్తున నాలుగు గోడలనూ కలిపి బిగించే కాంక్రీటు పట్టీ ఉంటే చాలా ప్రాణాలు దక్కేవి. 2002లో ఆ మొదటి జోన్‌ను పటంలోంచే తీసేశారు. మనం మాత్రం ఇంకా అందులోనే ఉన్నామనుకుంటున్నాం.

పట్నంవాళ్లకూ ఇది వర్తిస్తుంది. 2001 భుజ్ భూకంపానికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేవు, పార్కింగు కోసం వదిలిన స్తంభాలే. మన కాలనీల్లో కట్టేవీ అవే.

బడుల్లో భూకంప సాధన చేయించమంటే, "పిల్లలను భయపెట్టడమెందుకు?" అంటారు. సాధన చేసిన పిల్లలు భయపడరు. 2011లో జపాన్‌లోని కమైషిలో దాదాపు మూడువేలమంది బడిపిల్లలు సునామీని తప్పించుకున్నారంటే, అది ఏళ్లతరబడి బడిలో చేసిన సాధన ఫలం. తుపానుకు ముందే కబురు వస్తుంది, భూకంపానికి అలా రాదు. అప్పుడు పనికొచ్చేది ఒంటికి అలవాటైనదే.

మన పిల్లలకు తెలిసింది పరుగెత్తడమొక్కటే. స్లాబు భవనంలో అది ప్రమాదం: మెట్ల మీద తొక్కిసలాట, బయట పిట్టగోడ పెళ్లలు. బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్ల కాలు గట్టిగా పట్టుకోవాలి. కుదుపు ఆగాకే వరుసగా మైదానంలోకి రావాలి. పాత మట్టిమిద్దెలో గుమ్మం పక్కనే ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు వెంటనే బయటపడాలి. బడిలో ఈ సాధనను ఏడాదికి రెండుసార్లు చేయించడానికి పైసా ఖర్చు లేదు. తరగతి గదిలో బీరువాను గోడకు బిగించడానికి పట్టేది నాలుగు మేకుల ఖర్చు.

ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల కంటే ముందు ఇవి అడగండి: ఈ భవనాన్ని ఏ ఇంజనీరు చూశాడు? పై అంతస్తు పిల్లలు దిగడానికి ఎన్ని మెట్లదారులున్నాయి? బడివేళల్లో గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఇక ఇంట్లో, ఫోన్లు కలవకపోతే అందరూ ఎక్కడికి చేరాలో ఈ రాత్రే పిల్లలతో అనుకోండి.