ముందే బయల్దేరమనే మహానుభావులకు

"వానలని తెలిసినప్పుడు ముందురోజే వెళ్లి ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో దిగితే సరిపోయేది కదండీ!" మొన్న ఖమ్మంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అన్న మాట ఇది. వరదల్లో ఫ్లైటు తప్పిపోయిన ఒక బంధువుల పిల్లాడి గురించి మాట. ఆయన ఆర్నెల్లు డల్లాస్‌లో కొడుకు దగ్గర, ఆర్నెల్లు గచ్చిబౌలిలో కూతురు దగ్గర ఉంటారు. ఖమ్మానికి పెళ్లిళ్లకు వస్తారు. ఆ ముక్క అనేసి పప్పుచారు పోయించుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా నిజమే నిజమే అని తలలూపారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఆయన ఒక్కడే అయితే పెళ్లిలో విన్నది పెళ్లిలోనే వదిలేసేవాణ్ణి. ఇప్పుడు లోకమంతా ఇదే పాట. యూట్యూబులో కళ్లజోడు పెట్టుకున్న ప్రతి ట్రావెల్ పండితుడూ ఇదే చెబుతున్నాడు. వాతావరణం యాప్ చూసుకోండి, ఇన్సూరెన్స్ తీసుకోండి, ప్లాన్ బి పెట్టుకోండి, ముందే బయల్దేరండి. అంటే వాగు పొంగితే తప్పు వాగుదీ కాదు, వంతెనదీ కాదు, వంతెన కట్టినవాడిదీ కాదు. తప్పంతా టికెట్ కొనుక్కున్నవాడిది! వాడికి ముందుచూపు లేదు.

ముందే బయల్దేరినవాళ్ల సంగతి ఖమ్మం జిల్లాలో తెలియనివాళ్లు లేరు. తెలిసీ ఈ మాట నోటికి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. కారేపల్లి మండలంలోని ఒక తండా నుంచి తండ్రీ కూతురూ చీకటితోనే కారులో బయల్దేరారు. ఆ అమ్మాయి రాయ్‌పూర్‌లోని ఐసీఏఆర్ పరిశోధన సంస్థలో వ్యవసాయ శాస్త్రవేత్త. ఇంట్లో శుభకార్యానికి వచ్చింది. శంషాబాద్ చేరి విమానం ఎక్కి మళ్లీ ఉద్యోగంలో పడాలి. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీదినుంచి పారుతోంది. కారు కొట్టుకుపోయింది. ఇద్దరూ దక్కలేదు.

ఇందులో ముందుచూపు ఎక్కడ తక్కువైందో చెప్పండి. ఫ్లైటు అందుకోవాలనే కదా ఆ వేళప్పుడు రోడ్డెక్కింది? కాస్త వెలుతురు వచ్చాక, నలుగురు మనుషులు రోడ్డుమీద తిరిగే వేళకు వెళ్లి ఉంటే, ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి ఆపేవారేమో. కౌంటర్ మూసేస్తారన్న భయమే మనిషిని చీకట్లో వంతెన మీదికి తోస్తుంది. ఆ భయాన్ని పెంచి పోషించేది మీ "ముందే బయల్దేరండి" సలహాయే.

యాప్ చూసుకోమంటారు. చూశాం లెండి. ఖమ్మంలో ఎంత వాన పడుతుందో యాప్ చెబుతుంది. ఖమ్మంలో మున్నేరు ఖమ్మం వానతో నిండుతుందా? అది పాకాల వైపునుంచి వస్తుంది. మానుకోట, గార్ల, బయ్యారం వైపు నీళ్లన్నీ దాంట్లో కలుస్తాయి. ఆకేరు వచ్చి తీర్థాల దగ్గర దాంట్లో పడుతుంది. ఇక్కడ తుంపర కూడా లేకుండా, ఎండ కాస్తుండగా మున్నేరు ఒడ్డు దాటిన రోజులు ఖమ్మంలో పుట్టి పెరిగినవాళ్లు చూశారు. 16 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 24కు రెండోది. ఆ సెప్టెంబరు 1న 36 అడుగులు వచ్చింది. ఫోన్‌లో చూస్తే ఖమ్మం మీద ఒక మబ్బు బొమ్మ, దాని కింద రెండు చుక్కలు ఉంటాయి. ఆ బొమ్మ చూసి ఆకేరు సంగతి ఎవరు పోల్చుకుంటారు?

గోదావరి నయం. పెద్దనది కనుక మర్యాద తెలుసు. కాళేశ్వరం దగ్గర పెరిగిందంటే పేరూరు, దుమ్ముగూడెం మీదుగా మా భద్రాచలం దాకా రావడానికి వ్యవధి ఇస్తుంది. భద్రాచలంలో జూలై వచ్చిందంటే పలకరింపే మారిపోతుంది. "బాగున్నారా" అనరు, "ఎంతుంది?" అంటారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కు మూడు. చంటిపిల్లలకు కూడా ఈ లెక్క వచ్చు. 1986లో 75.6 అడుగులు చూసిన ఊరు ఇది. అయితే ఇంత తెలిసిన ఊరు కూడా 2022 జూలైలో ఏం చేయగలిగింది? నీళ్లు 71.3 అడుగులకు వచ్చాయి. వంతెన మీద రాకపోకలు బంద్ పెట్టారు. అటు సారపాక, ఇటు భద్రాచలం, మధ్యలో సముద్రంలాంటి గోదారి. హైదరాబాద్ దారి లేదు, విజయవాడ దారి లేదు. పోనీ చింతూరు మీదుగా రాజమండ్రి విమానాశ్రయానికి పోదామంటే అక్కడ శబరి ఎగదన్ని రోడ్డెక్కి కూర్చుంది. దుమ్ముగూడెం, చర్ల వాళ్లయితే భద్రాచలం దాకా రావడమే గగనం. ముందురోజు బయల్దేరాలట! ఆ జూలైలో అయితే వారం ముందు బయల్దేరాలి. వారం రోజులు శంషాబాద్ పక్కన హోటల్లో ఉండే స్థోమత ఉన్నవాడు చర్ల మండలంలో ఎందుకుంటాడండీ?

ఇంకో సంగతి ఈ సలహాదారులకు తట్టదు. అమెరికాలో కాలేజీలు తెరిచేది ఆగస్టులో. మా గోదారికి నీళ్లొచ్చేదీ జూలై, ఆగస్టు, సెప్టెంబర్లలోనే. 1986 వరద కూడా ఆగస్టులోదే. మణుగూరులోనో బూర్గంపాడులోనో పొలం తాకట్టు పెట్టి కొడుకుని ఎమ్మెస్‌కి పంపే రైతు తారీకు ఎంచుకోలేడు. ఫలానా రోజుకు వచ్చి చేరాలని ఆ యూనివర్సిటీ రాసిచ్చిన కాగితం ఉంటుంది. వాళ్ల క్యాలెండరుకు మా తాలిపేరు వాగుతో పనిలేదు, మా కిన్నెరసానితో అంతకన్నా లేదు.

ఈ మధ్య చర్ల వైపు ఒక చప్టా దగ్గర ఒక కుర్రాణ్ణి చూశాను. చప్టా మీద మోకాటి లోతు పారుతోంది. ఆటోవాడు రానన్నాడు. ఊళ్లో ఎవరిదో ట్రాక్టరు తెచ్చారు. ట్రాలీలో ఎరువుల బస్తాల పట్టా పరిచి రెండు సూట్‌కేసులు పెట్టారు. కాటా పెట్టి ఒక్కోటి సరిగ్గా 23 కిలోలు తూచి, తాళ్లతో బిగించి, మీద మళ్లీ పట్టా కప్పారు. తల్లి మాత్రం పచ్చడి డబ్బాలున్న పెట్టె ఏదో గుర్తుపట్టి దాన్నే పట్టుకుని నిలబడింది. కుర్రాడు షూ విప్పి మెడలో వేసుకున్నాడు. పాస్‌పోర్టు ఉన్న కవరు పళ్లతో కరిచిపట్టాడు, చేతులు రెండూ ట్రాలీ అంచుకే సరిపోయాయి. డ్రైవరు చప్టా అంచున పాతిన రాళ్లవైపు చూస్తూ, కనబడని చోట అంచనా వేస్తూ నడిపాడు. దాటాక అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రాళ్లలో ఒకటి కొట్టుకుపోయి ఉంటే నవ్వేవాళ్లా?

ఇక విమాన సంస్థల న్యాయం చూడండి. తుపానొచ్చి వాళ్ల విమానం ఎగరలేకపోతే అది ప్రకృతి వైపరీత్యం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం పరిహారం ఇవ్వక్కర్లేదు. సరే, కనీసం డబ్బు వాపసో, ఇంకో ఫ్లైటో ఇవ్వాలి. అదే తుపానుకు మన రోడ్డు కొట్టుకుపోయి మనం చేరలేకపోతే? అప్పుడు ప్రకృతి లేదు, వైపరీత్యమూ లేదు. "నో షో". పన్నులూ విమానాశ్రయం రుసుములూ తిరిగిస్తారు, టికెట్ ధర హరీ. ఒకే వాన పైలట్ నెత్తిన పడితే దైవఘటన, ప్రయాణికుడి నెత్తిన పడితే బద్ధకం! ఈ లెక్క కట్టిన మహానుభావుడికి ఒక దండం.

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి యూరప్ ఆకాశమంతా బూడిద కమ్మింది. లక్ష దాకా విమానాలు రద్దయ్యాయి. అప్పుడు డబ్లిన్ వెళ్లలేక పోర్చుగల్‌లో చిక్కుకుపోయిన ఒక ప్రయాణికురాలు కోర్టుకెక్కింది. అగ్నిపర్వతమైనా సరే, రద్దయిన విమానం తాలూకు ప్రయాణికుల తిండీ వసతీ విమాన సంస్థే చూడాలని 2013 జనవరిలో యూరప్ న్యాయస్థానం తేల్చింది. ఆ దేశాల్లో ఎవరూ "అగ్నిపర్వతం ఉందని తెలుసుగా, ముందే బయల్దేరాల్సింది" అని ఆవిణ్ణి ఎద్దేవా చేయలేదు. మన దగ్గరా ప్రయాణికుల కోసం దారి చూశారు ఒకసారి. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయం రన్‌వే మునిగి మూతపడితే, అరక్కోణంలోని నౌకాదళ స్థావరం తెరిచి అక్కణ్ణుంచి విమానాలు నడిపారు. రన్‌వే మునిగితే దేశం కదులుతుంది. చప్టా మునిగితే ఊరి రెవెన్యూ ఉద్యోగి కూడా కదలడు.

హెలికాప్టర్లున్నాయిగా అంటారేమో. ఆ ముచ్చటా చూశాం. 2022 జూలైలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు భద్రాచలం వరద చూడటానికి గాలిలో రావాలనుకుంటే వాతావరణం ఒప్పుకోలేదు. ఓరుగల్లు వైపునుంచి రోడ్డుమీదే వచ్చారు. వచ్చి, ఈ క్లౌడ్ బరస్ట్‌ల వెనక విదేశాల కుట్ర ఉందన్న అనుమానం కూడా చెప్పి వెళ్లారు. కుట్రలకు విదేశాల దాకా పోనక్కర్లేదు, మా కల్వర్టుల కాంట్రాక్టు ఫైళ్లు తిరగేస్తే చాలు. అది వేరే వ్యాసం లెండి. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ వస్తుంది వస్తుందని గంటలకు గంటలు చూశారు. వాతావరణం బాగాలేక రాలేదు. చీకటి పడ్డాక ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి వెళ్లి అందర్నీ తీసుకొచ్చాడు. అతను ఏ యాప్ చూసి వెళ్లాడో!

విమానాశ్రయం మనకే వస్తే ఈ గొడవే ఉండదనే వర్గం ఒకటుంది. కొత్తగూడెంలో విమానాశ్రయం అని ఎన్నేళ్లుగానో వింటున్నాం. స్థలం కోసం వెతికారు, చూశారు, ఇది పనికిరాదన్నారు. మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చిందని ఓరుగల్లువాళ్లు స్వీట్లు పంచుకున్నారు. బాగానే ఉంది. కానీ విశాఖకు విమానాశ్రయం లేకనా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి దాని పైకప్పు ఎగరగొట్టింది? కొత్తగూడెంలో రన్‌వే వేసినా, దాని దాకా రావాలంటే నా ఊరివాడు ముర్రేడు దాటాలి, కిన్నెరసాని దాటాలి. గుమ్మం ముందు గుంత పెట్టుకుని మేడమీద ఉయ్యాల కట్టుకున్నట్టుంటుంది.

విమానం ఎక్కేవాళ్లు ఎంతమంది, వాళ్ల గోల అడవిలో ఉన్నవాళ్లకెందుకు అని మా మిత్రుడొకడు ఎర్రబడ్డాడు. మంచి కోపమే, కానీ గురి తప్పింది. ఆ కుర్రాడి సూట్‌కేసులు దాటిన చప్టా మీదుగానే కోయ గూడెం నుంచి నిండు చూలాలిని మంచం కట్టి మోసుకొస్తారు. అంబులెన్సు ఆ గట్టున ఆగుతుంది, మనిషి ఈ గట్టున ఆగుతుంది. ఫ్లైటు పోతే ఏడ్చి మళ్లీ కొనుక్కుంటాడు. ఇక్కడ పోయేదేమిటో చెప్పాలా? చూలాలిని కూడా ముందే బయల్దేరమంటున్నారు, తెలుసా. కాన్పు తారీకుకు ముందే తీసుకొచ్చి ఆస్పత్రి ఊళ్లో పెట్టమని. వంతెన కట్టడం కన్నా మనిషిని జరపడం చవక. ఆ పద్ధతికి అందరం అలవాటు పడ్డాం.

మరి ఏం చేయమంటావని అడుగుతారు. ఇంజినీర్లు జీతాలు తీసుకునేది అందుకే కనుక చప్టాల ఎత్తు సంగతి వాళ్లనడగండి. ఆకేరు, మున్నేరు పైన ఎక్కడెక్కడ నీళ్లెంతున్నాయో అడుగుల్లో చెప్పే ఏర్పాటు ఉండాలి. గోదారికి ఉంది, వాగులకు ఎందుకుండకూడదు? రాత్రిపూట నీళ్లెక్కిన వంతెన దగ్గర ఒక మనిషి, ఒక లైటు, అడ్డంగా ఒక కర్ర ఉండాలి. ఆ కర్ర ఖరీదు ఎంతని? ఇక విమానం సంగతికి వస్తే, కలెక్టరు ఫలానా దారి మూసేశామని ప్రకటన ఇస్తారు కదా, ఆ ప్రకటనే చాలాలి. ఆ దారిన రావలసిన ప్రయాణికుడికి, విమానమే రద్దయితే ఇచ్చినట్టు, డబ్బయినా ఇవ్వాలి, ఇంకో తారీకుకు సీటయినా ఇవ్వాలి. దొంగ సాకులు చెప్పేవాళ్లుంటారంటారా? కలెక్టరు సంతకానికి దొంగ సాకేమిటి! కౌంటర్ మూసినా టికెట్ పోదని తెలిస్తే మనిషి వాగు ఇవతలే ఆగుతాడు.

దీనికి చట్టసభలో నెలల తరబడి చర్చలు అక్కర్లేదు. డీజీసీఏ నిబంధనల్లో ఒక పేరా చేరిస్తే చాలు. పౌర విమానయాన శాఖ చూస్తున్న రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం మనిషి. నాగావళి, వంశధార పారే జిల్లా ఆయనది. వరదొస్తే ఊరి రోడ్డు ఏమవుతుందో ఆయనకు ఢిల్లీ అధికారులు ఫైలు పెట్టి చెప్పక్కర్లేదు.