ఆధారం అడిగే అలవాటు తరగతి గదిలోనే

కళాశాలల్లో విద్యార్థులచేత విజ్ఞానసర్వస్వ వ్యాసాలు రాయించడం మన దేశంలో కొత్త ఆలోచన కాదు. 2011లో వికీమీడియా ఫౌండేషన్ పుణేలోని కొన్ని కళాశాలలతో కలిసి ఈ ప్రయోగం చేసింది. వందలాది విద్యార్థులు తరగతి పనిలో భాగంగా ఆంగ్ల వికీపీడియాలో రాశారు. వారు చేర్చిన పాఠంలో ఎంతో భాగం పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా ఎత్తి రాసినదని బయటపడింది. ఎక్కడెక్కడో ఉన్న స్వచ్ఛంద సంపాదకులు వాటిని ఏరివేయలేక అలసిపోయారు. ఆ ఏడాది ముగిసేలోగా ప్రయోగం ఆగిపోయింది.

విద్యార్థులను నిందించి ఊరుకోవడం సులభం. గైడులోని జవాబును ఉన్నదున్నట్టు దించితే మార్కులు వేసే చదువులో పన్నెండేళ్లు గడిపినవారికి, ఏ వాక్యం ఎవరిదన్న పట్టింపు ఒక్క సెమిస్టరులో ఎలా అలవడుతుంది? నేర్పవలసినది నేర్పకుండా, గడువు మాత్రం విధించాం.

నేర్పవలసినది ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. అత్యవసర పరిస్థితి గురించి రాయమంటే ఒక విద్యార్థి దానిని ప్రజాస్వామ్యానికి పట్టిన చీకటి అంటాడు. మరొకరు క్రమశిక్షణ నెలకొన్న కాలమంటారు. రెండూ తీర్పులే. 1975 జూన్ 25న రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ 352వ అధికరణం కింద ప్రకటన జారీ చేశారు. చూపిన కారణం ఆంతరంగిక కల్లోలం. 1977 మార్చి 21న దానిని ఉపసంహరించారు. ఆ కాలంలోని అధికార దుర్వినియోగంపై విచారణకు జనతా ప్రభుత్వం షా కమిషన్‌ను నియమించింది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న మాటను తీసి ‘సాయుధ తిరుగుబాటు’ అని చేర్చింది. ఇవన్నీ ఆధారాలతో రాస్తే విశేషణాల అవసరమే రాదు. తీర్పు పాఠకుడు చెప్పుకుంటాడు.

ఇరుపక్షాలకూ చెరిసగం చోటివ్వడమే తటస్థత అన్న భ్రమ పత్రికారంగంలోనూ ఉంది. ఆనాటి బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలను విచారణ కమిషన్ నమోదు చేసింది. అలాంటివి జరగనేలేదని ఎవరైనా ఈనాడు వాదిస్తే, ఆ వాదానికి సమాన స్థానం ఇవ్వడం సత్యానికి అన్యాయం. ఆధారం బరువును బట్టే చోటు దక్కాలి.

ఆధారాలన్నీ ఒక్క కోవకు చెందినవీ కావు. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ప్రకటన ప్రభుత్వం ఏమన్నదో చెప్పడానికి పనికివస్తుంది. పథకం ఫలించిందా అన్న ప్రశ్నకు కాగ్ నివేదికనో, స్వతంత్ర అధ్యయనాన్నో వెతకాలి. అచ్చయినదల్లా వార్త అనుకోవడానికీ వీల్లేదు. డబ్బు తీసుకుని అచ్చువేసే ‘పెయిడ్ న్యూస్’ జాడ్యంపై ప్రెస్ కౌన్సిల్ 2010లోనే నివేదిక ఇచ్చింది. విలేకరి వికీపీడియా చూసి రాసిన వాక్యాన్ని, మళ్లీ వికీపీడియాలో ఆధారంగా చూపే విషవలయం మరొకటి.

ఇదంతా పండితుల చాదస్తమని కొట్టిపారేయలేం. తనను వర్ణించిన తీరు పరువు తీసేలా ఉందంటూ ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో వికీమీడియాపై ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆ వ్యాజ్యం గురించిన వ్యాసాన్ని సైతం హైకోర్టు తొలగించమన్నది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. విజ్ఞానసర్వస్వంలోని వాక్యాలు న్యాయస్థానాల దాకా వెళ్లే కాలమిది. అలాంటి వేళ రచయితకు మొదటి రక్షణ అతడు చూపే ఆధారమే.

కనుక అధ్యాపకులు కొలమానం మార్చాలి. మొదట ఆధారాల జాబితా అడగాలి. ఒక్కొక్కదాన్నీ ఎందుకు నమ్మారో తరగతిలో చెప్పించాలి. పుస్తకం మూసి సొంత మాటల్లో రాయించాలి. ఆ చిత్తుప్రతిని ప్రయోగశాల పేజీలో సహవిద్యార్థులు పరిశీలించాకే బయటికి పంపాలి. పేజీల సంఖ్యకు మార్కులు వేయకూడదు. ఆధారం దొరకని వాక్యాన్ని తనంతట తానే కొట్టివేసిన విద్యార్థికి వేయాలి. అలా కొట్టివేయడం నేర్చిన చేయి, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వదంతినీ ముందుకు తోసే ముందు ఒక్క క్షణమైనా ఆగుతుంది.