మన వేటకుక్క మాట వినదు అనేవాళ్ళకు ఒక మాట

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు యాభై దాటినాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించి చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు తన రాజపాళయం కుక్క ఫోటో పెట్టినాడు. తెల్లటి ఒళ్ళు, గులాబి రంగు ముక్కు, చూడ ముచ్చటగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు. మెడలో ఉన్న లావు గొలుసు గురించి నేను అడిగినాను. "అన్నా, ఇది వేట జాతి, మాట వినదు, విప్పితే పోతుంది" అని జవాబు వచ్చింది. ఆ తమ్ముణ్ణి తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇదే మాట మా నాయన కూడా చెప్పేవారు. నేనూ చాలా కాలం నమ్మినాను.

మా ఇంట్లో నా చిన్నప్పుడు ఒక చిప్పిపారై ఉండేది. తొమ్మిదేండ్లు వేపచెట్టుకు కట్టే ఉన్నది. దానికి రోజూ సంకటి పెట్టింది నేనే. కానీ దానితో ఒక్కరోజు కూడా వీధి చివరిదాకా నడవలేదు. ఒకసారి తాడు తెంపుకొని పక్కింటి కోళ్ళను రెండింటిని చంపింది. నాయన బాగా కొట్టినారు. "రా" అంటే ఏమిటో దానికి ఎవరూ నేర్పలేదు. రాలేదని కొట్టినాము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2023లో అమెరికాలో మా పాప దగ్గరికి పోయినాను. వాళ్ళింట్లో గ్రేహౌండ్ కుక్క ఉంది. మన చిప్పిపారై, కన్నీ, కర్ణాటక ముధోల్ మాదిరే అదీ కంటిచూపుతో వేటాడే జాతి. పందెం కుక్క. ఫ్లోరిడాలో 2018లో జనం ఓటు వేసి కుక్కల పందాలు వద్దన్నారు. 2020 ఆఖరుతో అక్కడ పందాలు ఆగిపోయినాయి. అట్లా పని పోయిన కుక్కల్లో ఇదొకటి. చెవుల లోపల పచ్చబొట్టు ఉంది. కుడి చెవిలో పుట్టిన నెల, సంవత్సరం, ఎడమ చెవిలో ఈత నంబరు. పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి కదా, నాకు వ్యాగన్ నంబరు గుర్తుకు వచ్చింది. ఇంటికి వచ్చినప్పుడు దానికి మెట్లు ఎక్కడం కూడా తెలియదంట. అద్దం తలుపుకు పోయి గుద్దుకొనేదంట. దానికి తెలిసిందల్లా పరుగు ఒక్కటే.

ఆ కుక్కను మా పాప ర్యాలీ ఒబీడియన్స్ పోటీకి తీసుకొనిపోయింది. ర్యాలీ అంటే జెండా పట్టుకొని పోయే ఊరేగింపు కాదు. కార్ల ర్యాలీ చూసి చార్ల్స్ బడ్ క్రేమర్ అనే ఆయన ఈ ఆట కట్టినారు. 2005 జనవరి నుంచి అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీనికి బిరుదులు ఇస్తోంది. మైదానంలో నంబర్లు వేసిన బోర్డులు పెడతారు. మొదటి తరగతికి 10 నుంచి 15. ఒక బోర్డులో "ఆగు, కుక్కను కూర్చోబెట్టు" అని, ఇంకో దానిలో "మెల్లగా నడు" అని, ఇంకో దానిలో "కోన్ల మధ్య వంకర తిరుగు" అని ఉంటుంది. కుక్క ఎడమ పక్కన, తాడు వదులుగా, మనిషి బోర్డు చదువుకుంటూ నడవాలి. లైను పక్కన విజిల్ బోర్డు, స్పీడు బోర్డు చూసుకుంటూ డ్రైవరు పోయినట్టే.

నాకు నచ్చింది మార్కులు వేసే పద్ధతి. మొత్తం 100, అందులో 70 వస్తే పాస్. తాడు బిగిస్తే మార్కు పోతుంది. కుక్కతో మాట్లాడవచ్చు, మెచ్చుకోవచ్చు, చేత్తో సైగ చేయవచ్చు. తిండి చూపించకూడదు. గద్దించకూడదు, తాడు పట్టి లాగి దండించకూడదు. అంటే కుక్క తప్పు చేస్తే మనిషి ఎట్లా ఉంటాడు అనేది కూడా జడ్జి చూస్తాడు.

నేను చూసిన మొదటి పోటీలో మా పాప ఫెయిల్. కూర్చోమన్న బోర్డు దగ్గర కుక్క నిలబడే ఉంది. నాకు సిగ్గేసింది. "మొండిది" అన్నాను. "మొండితనం కాదు నాయనా, వెనక కాళ్ళ కండలు చూడు. ఈ జాతికి కూర్చోవడమే కష్టం. మెత్తని తివాచీ మీద నేర్పినాను, ఇక్కడ నేల గట్టిగా ఉంది" అని పాప చెప్పింది. ఆ తరువాత గట్టి నేల మీద రోజుకు రెండు మూడు నిమిషాలు, అంతే, అలవాటు చేసింది. ఐదు వారాలకు ఇంకో పోటీ. బోర్డు దగ్గర ఆగి "కూర్చో చిన్నా" అని తెలుగులోనే అన్నది. అది ఆమె ముఖం చూసి, ఆలోచించి, మెల్లగా కూర్చుంది. 81 మార్కులు. నా కళ్ళలో నీళ్ళు. నేను తలుచుకున్నది ఆ గ్రేహౌండును కాదు, వేపచెట్టు కింద ఉండినదాన్ని.

2005 జనవరిలోనే మన తపాలా శాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయ కుక్కల స్టాంపులు వేసింది. మనకు గర్వం. కాదనను. కానీ స్టాంపు మీద కుక్కకు తిండీ వద్దు, నడకా వద్దు. ఇంట్లో కుక్కకు రెండూ కావాలి. "మన రాజుల కుక్క, మన పాళెగాళ్ళ కుక్క" అని మీసం తిప్పుతాము. పొద్దున అరగంట దానితో నడిచేవాళ్ళు ఎంతమంది?

"వేటే దాని గుణం" అంటారు. 1972 చట్టం తరువాత కుందేలును వేటాడితే నేరం. కాబట్టి వేట పోయింది, గొలుసు మిగిలింది. పని లేని కుక్కకు పని ఇవ్వాలి కదా? "వయసైపోయింది, ఇంకేమి నేర్చుకుంటుంది" అంటారు. పందెం మానిన కుక్క ఐదో ఏట నేర్చుకుంది. నేను యాభై దాటి అ ఆ నేర్చుకున్నాను. ఇంకో మాట. రాజపాళయం తెల్లపిల్లల్లో కొన్ని పుట్టుకతోనే చెవుడు. మాట వినలేదని కొట్టే ముందు దానికి వినపడుతుందా అని చూడండి. వినపడకపోతే చేతి సైగతో నేర్పండి.

ఊరికి వచ్చినాక మా తమ్ముడి రాజపాళయంతో మిద్దె మీద మొదలుపెట్టినాను. నాలుగు నెలలైంది. పది సార్లు ఆగితే ఆరు సార్లు కూర్చుంటుంది. తాడు వదులుగానే నడుస్తుంది. కోడి కనిపిస్తే మాత్రం ఇంకా నా చెయ్యి లాగేస్తుంది. అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు అది గేటు దగ్గర నా చెప్పుల చప్పుడు కోసం కాచుకొని ఉంటుంది.

కాబట్టి సంఘానికి నా విన్నపం. వచ్చే పొంగల్ కలయికలో, ఎండ ఎక్కకముందే, మన మైదానంలో పది బోర్డులు పెడదాము. తెలుగులో రాద్దాము: ఆగు, కూర్చో, కుడికి తిరుగు, మెల్లగా. వీధి కుక్కైనా సరే, జాతి కుక్కైనా సరే, తాడు కట్టి, వెర్రికుక్క రోగం టీకా చీటీ తెచ్చినవాళ్ళు రావచ్చు. అందానికి బహుమతి వద్దు. అక్కడ పిల్లల అమ్మకం వద్దు. ఇంట్లో తమిళమే మాట్లాడే మన పిల్లలు బోర్డు చదివితేనే కుక్కను నడిపించగలరు. కుక్కకు నడక, పిల్లలకు అక్షరం.

ఖర్చు అట్టపెట్టెలు, ఒక డబ్బా పెయింటు. బోర్డులు నేనే రాస్తాను. అక్షర తప్పులు మీరు దిద్దండి. గొలుసు వేసిన ఆ తమ్ముడు మొదటి పేరు ఇస్తే, రెండో పేరు మా తమ్ముడి కుక్కది.